ఏడో నంబరు బురద

నవంబరు 4, సోమవారం

తెల్లవారుజామున మంచు. ఏడున్నర దాకా పడవ ముక్కు కూడా కనిపించలేదు. ఎనిమిదింటికి విడిచింది. గాలి లేదు. ఒకటో నంబరు నుంచి ఆరో నంబరు దాకా బురద తీశాం.

చెరువు బురదని పరీక్షించడానికి ప్రయోగశాల నుంచి వచ్చిన మేడం రెండు నోటు పుస్తకాలిచ్చారు. ఒకదాంట్లో రోజూ గాలి, లోతు, తీసిన బురద వివరం రాసి ఆమెకివ్వాలి. రెండోది ఎక్కువై మిగిలింది. ఇది నాకుంచుకున్నాను. ఇందులో రాసేది ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

చెరువులో పద్నాలుగు చోట్ల ప్లాస్టిక్ డబ్బాలు తేలగట్టి నంబర్లు వేశారు. అన్నీ నేనే కట్టాను. పడవ నాది, చెరువు నాకు తెలుసు, అందుకని నన్ను పెట్టుకున్నారు. బురద తీసే స్టీలు సామానుకి ఏదో పేరుంది. బురద సంచులకి చీటీలు అంటించే ఆయన దాన్ని దవడ అంటాడు. దవడే. నోరు తెరిచి తాడుతో దింపితే, అడుగు తగలగానే మూసుకుని బురద కరుచుకుని వస్తుంది.

"బురదకి ఏ లోహమూ తగలకూడదు" అన్నారు మేడం. "దవడ అంచులకి తగిలింది వదిలేయండి. మధ్యలోది మాత్రం ప్లాస్టిక్ చెంచాతో తీయండి. ఉంగరం కూడా తీసెయ్యాలి."

ఉంగరం రాలేదు. సబ్బు నురగ పెట్టి తీశాను. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ, "ముప్పై ఏళ్ళుగా నేను లాగితే రానిది, మేడం చెప్పగానే వచ్చిందా?" అంది.

చీటీలాయనకి నీళ్ళంటే భయం. టీ కొట్టు దగ్గర కూడా తేలే కోటు విప్పడు.

నవంబరు 5, మంగళవారం

పడమటి గాలి. ఏడో నంబరు దగ్గర దవడ నాలుగుసార్లు దింపాను. తాడు వాలిపోతోంది, దవడ పక్కకి పడి ఖాళీగా వస్తోంది. మేడం రేపూ ఎల్లుండీ ఊళ్ళో ఉండరు. ప్రయోగశాలలో ఏదో పని. "ఈ వారంలో పూర్తి కాకపోతే అనుమతి గడువు అయిపోతుంది" అన్నారు వెళ్తూ. మొహం చూస్తే నిద్ర లేనట్టుంది.

ఏడో నంబరు ఫ్యాక్టరీ కాలువ పడే మూల. అక్కడ సీసం కోసం పాత బ్యాటరీలు కరిగిస్తారు. ఆ ఒడ్డునే పనివాళ్ళ క్వార్టర్స్, మా అమ్మాయి కాపురం అక్కడే. అల్లుడు కొలిమి దగ్గర పని చేస్తాడు.

నవంబరు 6, బుధవారం

గాలి నిన్నటికంటే ఎక్కువ. పాత వలకి బరువుగా కట్టే గుండ్లు ఎనిమిది తీసి దవడ మెడకు కట్టాను. తాడు నిలువుగా దిగింది. మొదటిసారికే నిండుగా వచ్చింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది అయ్యాయి. చీటీలాయన పొద్దుటి నుంచి వాంతులతో పడవ అంచు మీదే వేలాడుతున్నాడు. సంచీ మూతి పట్టుకోమంటే ఒక చేత్తో పట్టుకున్నాడు, తల మాత్రం తిప్పలేదు.

ఒడ్డున అమ్మాయి బట్టలు ఆరేస్తూ కనిపించింది. దాని కూతురు, మా బుడ్డది, నీళ్ళు తగ్గిన చోట బురదలో కూర్చుని ఏదో కడుతోంది. మోకాళ్ళ దాకా నలుపు. నాలుగేళ్ళు వచ్చాయి దానికి.

నవంబరు 7, గురువారం

పది, పదకొండు, పన్నెండు. ఒకసారి ఒక గుండు దవడ నోట్లో ఇరుక్కుంది. రాయితో కొట్టి తీశాను. గుండు సొట్టపోయింది. పాతదే.

నవంబరు 8, శుక్రవారం

గాలి పడిపోయింది. గుండ్లతో పని లేకపోయింది, మళ్ళీ వలకు కట్టేశాను. మేడం వచ్చారు. పదమూడు, పద్నాలుగుతో అయిపోయింది.

సంచులు చూసి, "ఆ గాలిలో ఇంత నిండుగా ఎలా తీశారండీ?" అన్నారు.

"అలవాటు మేడం" అన్నాను.

చీటీలాయన పక్కనుంచి, "ఆయన చేతిలో ఏదో ఉంది మేడం" అన్నాడు. మేడం నవ్వారు. ఈ వారంలో ఆమె నవ్వడం ఇదే మొదలు. నాకూ బాగానే అనిపించింది.

నవంబరు 19, మంగళవారం

వల వేశాను. చేపలు తూర్పు వైపువే. ఫ్యాక్టరీ మూల వెయ్యలేదు.

నవంబరు 25, సోమవారం

మబ్బు. వాన లేదు. మేడం ఒక్కరే వచ్చారు. పడవ కట్టే గట్టు మీద కూర్చున్నారు, చెప్పులు బురదవుతాయన్నా వినలేదు. ఫలితాలు వచ్చాయట.

"ఏడో నంబరు దగ్గర సీసం ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లుంది. దాని చుట్టుపక్కల కూడా ఎక్కువే. నీళ్ళు చూస్తే తేటగా ఉంటాయి. అదంతా అడుక్కి దిగి కూర్చుంటుంది. కాళ్ళతో కెలికితే పైకి లేస్తుంది. పిల్లల ఒంట్లోకి వెళ్తే మాటలు రావడం, చదువు, అన్నీ వెనకబడతాయి."

బుడ్డదానికి మాటలు ఆలస్యమే. అమ్మాయికీ ఆలస్యంగానే వచ్చాయని మా ఆవిడ అంటుంది.

డిసెంబరు ఇరవైన ఫ్యాక్టరీ మీద విచారణ ఉందట. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. సరే అన్నాను.

నవంబరు 26, మంగళవారం

అమ్మాయికి చెప్పాను.

నవంబరు 28, గురువారం

మధ్యాహ్నం అమ్మాయి, బుడ్డది వచ్చేశారు. రెండు సంచులు, ఒక బొంత. అల్లుడు డ్యూటీలో ఉండగా వచ్చింది. చీటీ రాసి పెట్టి వచ్చిందట.

మా ఆవిడ బుడ్డదాన్ని నూతి దగ్గర కూర్చోబెట్టి గోళ్ళ సందులు కూడా వదలకుండా తోమింది. అది కేకలు పెట్టింది. "అరిస్తే అరు. ఈ తోముడు నీ మూలంగా కాదులే, మీ తాత చెరువు మూలంగా" అంటూ తోమింది.

చెరువు నాదెలా అయింది.

డిసెంబరు 1, ఆదివారం

అల్లుడు వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే, "ఏం మామయ్యా, నా కాపురానికి కూడా నంబరు వేశారా?" అన్నాడు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"ఎనిమిదేళ్ళుగా ఆ కొలిమి దగ్గరే ఉన్నాను. నేను చచ్చానా? మా లైన్లో నలభై ఇళ్ళు. ఎవరన్నా చచ్చారా?"

"చావడం గురించి కాదు. పిల్ల గురించి" అంది అమ్మాయి లోపలి నుంచి.

"పిల్ల గురించి నాకు లేదా? కంపెనీ డాక్టరు చూశాడు, బాగుందన్నాడు."

"కంపెనీ డాక్టరు బాగాలేదంటాడా?"

అతను నా వైపు తిరిగాడు. "మీరు ముప్పై ఏళ్ళుగా ఆ చేపలే అమ్ముతున్నారు కదా. మొన్న కూడా అమ్మారు. మా ఇంటి ముందు బురద విషమైతే, మీ చేపలు అమృతమా?"

తూర్పు వైపువి అన్నాను. "చెరువుకి మధ్యలో గోడ కట్టారా?" అన్నాడు.

బుడ్డదాన్ని కాసేపు ఎత్తుకున్నాడు. అది అతని జేబులో పెన్ను లాక్కుంది. తిరిగి తీసుకోలేదు. ఐదింటికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు అమ్మాయితో, "మేడం కాగితం నిజమని తేలితే నేనే ఇల్లు మారుస్తాను. అబద్ధమైతే నువ్వు వచ్చెయ్యాలి" అన్నాడు. అమ్మాయి సరే అంది.

మంచివాడే. కోపం ఎక్కువ, అంతే.

డిసెంబరు 3, మంగళవారం

ఎండ. వాకిట్లో వల వేసుకుని తెగిన చోట్ల అల్లుతున్నాను. బుడ్డది పక్కనే కూర్చుంది. రెండు గుండ్లు విడిగా ఉంటే ఆడుకోమని ఇచ్చాను. దొర్లిస్తోంది. కాసేపటికి చప్పుడు లేదు. చూస్తే బుగ్గ ఉబ్బి ఉంది.

అమ్మాయి చూసి పరుగున వచ్చింది. నోట్లో వేలు పెట్టి తీసింది. ఉమ్మించింది, నీళ్ళు పోసి మళ్ళీ ఉమ్మించింది.

"నాన్నా, ఇది సీసం కదా?"

"వల గుండు" అన్నాను.

"దేంతో చేస్తారు దీన్ని?"

వల మడిచేశాను.

సాయంత్రం కాగితం మీద ఒక గుండు పెట్టి గీశాను. పెన్సిలు గీతలా పడింది. ఈ పేజీ కింద ఉన్న గీత అదే.

డిసెంబరు 4, బుధవారం

గాలి లేదు. పని లేదు.

డిసెంబరు 5, గురువారం

దవడకి కట్టింది ఎనిమిది గుండ్లు. చెరువంతా ఎంత, అవెంత. నీళ్ళలో దిగేటప్పుడే కడుక్కుపోయి ఉంటాయి. దవడ అంచులకి తగిలింది ఎలాగూ వదిలేశాం, మధ్యలోదే తీశాం. చెంచా ప్లాస్టిక్‌దే.

చేపలు తూర్పు వైపువి.

డిసెంబరు 7, శనివారం

ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లు. అందులో నావెన్ని.

నాకు సీసమంటే ఫ్యాక్టరీదే. గుండ్లు వలవి. మా నాన్న పోత పోసినవి. ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నాను. వాటికి వేరే పేరుందని ఎప్పుడూ అనుకోలేదు.

డిసెంబరు 9, సోమవారం

అమ్మాయి అడిగింది, "ఒంట్లో బాగాలేదా?" అని. బాగానే ఉందన్నాను. బుడ్డది నిన్న "తాతా, ఇటు రా" అంది. రెండు మాటలు కలిపి అనడం ఇదే మొదలు. అమ్మాయి మూడుసార్లు అనిపించుకుంది. ఇక్కడికి వచ్చాకే మాటలు వస్తున్నాయి అని మా ఆవిడతో అంటోంది. పన్నెండు రోజులకే మార్పు వస్తుందా, రాదు. అయినా వినడానికి బాగుంది.

ఇప్పుడు గుండ్ల సంగతి చెబితే వీళ్ళు మళ్ళీ ఆ బురదలోకే వెళ్తారు. విచారణ అయిపోనీ.

డిసెంబరు 11, బుధవారం

చీటీలాయన కాగితం తెచ్చాడు. విచారణకి కావాలట. "మేడం చెప్పిన పద్ధతి ప్రకారమే, వేరే ఏ వస్తువూ వాడకుండా బురద తీశాను" అని టైపు చేసి ఉంది. కింద నా సంతకానికి, అతని సంతకానికి చోటుంది.

"ఆ గాలి రోజు నేనేం చేశానో నువ్వు చూశావా?" అని అడిగాను.

"ఆ రోజు నా కడుపులో ఉన్నదంతా చూశానండీ. ఇంకేమీ చూళ్ళేదు. ఏం?"

"ఏం లేదు."

సంతకం పెట్టాను. పెన్ను బుడ్డదాని దగ్గర్నుంచి తీసుకోవాల్సి వచ్చింది. అల్లుడిది.

డిసెంబరు 13, శుక్రవారం

మా ఆవిడకి చెప్పాను. బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"సంతకం కూడా పెట్టావా?"

"పెట్టాను."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా. నువ్వు తొక్కింది అడుసే, అదీ నడి చెరువులో." చేట దులిపి, "విచారణలో ఫ్యాక్టరీవాళ్ళు మేడంని గుచ్చి గుచ్చి అడిగితే ఆమె ఏం చెబుతుంది పాపం? ఆమెకి తెలియని దానికి ఆమె ఒట్టేసినట్టవుతుంది కదయ్యా" అంది.

"చెబితే పిల్ల వెళ్ళిపోతుంది."

"చెప్పకపోయినా ఏదో రోజు తెలుస్తుంది. ఎవరి నోట తెలియాలో నువ్వే తేల్చుకో."

డిసెంబరు 14, శనివారం

చలి. మొదటి బస్సుకి వెళ్ళాను. ప్రయోగశాల మూడో అంతస్తు. గదిలో మా చెరువు బురద గాజు గిన్నెల్లో ఆరబెట్టి ఉంది. ఎండితే సిమెంటులా ఉంది. ఒక్కో గిన్నె మీద నంబరు.

గుండ్ల గురించి చెప్పాను. మేడం పెన్ను మూత పెట్టారు.

"ఎన్ని గుండ్లు?"

"ఎనిమిది."

"ఏ నంబర్లు?"

"ఏడు నుంచి పన్నెండు దాకా. ఒకటి నోట్లో ఇరుక్కుంటే రాయితో కొట్టాను."

"అది ఏ నంబరు దగ్గర?"

"పదకొండు అనుకుంటాను."

ఆమె కాగితాలు తీసి ఆరు వరసలకి అడ్డంగా గీత కొట్టారు. స్కేలు పెట్టి కొట్టారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"ఆ శుక్రవారం ఎలా తీశారని అడిగాను కదండీ. అప్పుడే చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నమే మళ్ళీ తీసేవాళ్ళం. నవ్వుకుని మర్చిపోయేవాళ్ళం."

"మీరు మెచ్చుకున్నారు. అందుకని చెప్పలేదు" అన్నాను.

ఆమె కిటికీ వైపు చూశారు. "నేను కూడా గట్టిగా అడగలేదు. నిండుగా ఉన్నాయి కదా అనుకున్నాను" అన్నారు. తర్వాత, "ఇది అవతలి పక్షానికి కూడా రాసి పంపాలి. మీ పేరు ఉంటుంది" అన్నారు.

సంతకం పెట్టిన కాగితం అడిగి, వెనక నిజం రాసి, మళ్ళీ సంతకం పెట్టాను.

అమ్మాయికి ఇంకా చెప్పలేదు. తిరిగొచ్చేసరికి పడుకుంది.

డిసెంబరు 16, సోమవారం

గాలి మోస్తరు. మేడం పైవాళ్ళని అడిగి మళ్ళీ అనుమతి తెచ్చారు. ఆ ఆరు చోట్లా మళ్ళీ తీశాం. దవడకి ఏమీ కట్టలేదు. ఏడో నంబరు దగ్గర పదకొండుసార్లు దింపితే ఒకసారి వచ్చింది. తాడుకి అరచేతులు ఒరుసుకుపోయాయి. మేడం పడవలోనే ఉన్నారు. చీటీలాయన ఈసారి వాంతి చేసుకుంటూ కూడా నా చేతుల వైపే చూశాడు.

అమ్మాయి ఎందుకు మళ్ళీ తీస్తున్నారంది. ఊరికే, సరిచూడటానికి అన్నాను.

డిసెంబరు 19, గురువారం

మేడం ఫోను చేశారు. తొమ్మిది, పన్నెండు మామూలుగానే ఉన్నాయి. పదకొండు చాలా తగ్గింది. ఎనిమిది, పది ఎక్కువే. ఏడో నంబరు ఐదు రెట్లు.

ఐదు కూడా ఎక్కువే కదా మేడం అన్నాను. "చాలా ఎక్కువండీ. పిల్లలు తిరగకూడని చోటు. కానీ ఇప్పుడు మన మాట ఎవరు వింటారో చూడాలి" అన్నారు.

డిసెంబరు 20, శుక్రవారం

విచారణ. పెద్ద గది, ఫ్యాన్లు తిరగడం లేదు. కంపెనీ వకీలు నన్ను నిలబెట్టి నవ్వుతూ అడిగాడు.

"గుండ్లు కట్టారు. బాగుంది. ఇంకేం కట్టారు?"

"ఇంకేం లేదు."

"మొదట సంతకం పెట్టినప్పుడు కూడా ఏమీ లేదన్నారు కదా?"

వెనక ఫ్యాక్టరీవాళ్ళు నవ్వారు. అల్లుడు మూడో వరసలో ఉన్నాడు. అతను నవ్వలేదు, తల దించుకున్నాడు. నవ్వితేనే బాగుండేదనిపించింది.

మేడం లేచి, రెండోసారి తీసినవాటిలో కూడా సీసం ఉందని అరగంట చెప్పారు. అధికారి విన్నాడు. రెండు పక్షాల మనుషుల ముందు, వేరేవాళ్ళ చేత, మొదటి నుంచి మళ్ళీ తీయించాలన్నాడు. వాయిదా ఆరు నెలలు. మేడంని ఈ పని నుంచి తప్పించారు.

ఇంటికి వచ్చేసరికి అల్లుడు నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. అమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"చెప్పండి మామయ్యా. తొమ్మిది రెట్లలో నాలుగు మీవేగా" అన్నాడు.

"ఐదు మీవి" అంది మా ఆవిడ.

"అత్తయ్యా, ముందు తొమ్మిదన్నారు, ఇప్పుడు ఐదంటున్నారు. ఆరు నెలలకి రెండంటారు. నేను దేన్ని నమ్మాలి?"

అమ్మాయి అతని మాట వినడం లేదు. నన్నే చూస్తోంది.

"నీకెప్పుడు తెలిసింది నాన్నా?"

"మొన్న."

"మొన్నంటే?"

"బుడ్డది గుండు నోట్లో పెట్టుకున్న రోజు."

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "అంటే మేడంకి చెప్పడానికి పదకొండు రోజులు పట్టింది. నాకైతే ఇవాళ్టికి కూడా నువ్వు చెప్పలేదు. ఆయన చెప్పాడు."

"నువ్వు వెళ్ళిపోతావని..."

"నేను వెళ్ళాలో ఉండాలో నేను చూసుకోనా? అక్కడ ఆయన బాగుంది బాగుంది అంటాడు. ఇక్కడ నువ్వు బాగాలేదు బాగాలేదు అంటావు. మధ్యలో దీన్ని పట్టుకుని నేనెవరి మాట మీద నడవాలి?"

అల్లుడు సంచులు తీసుకోమన్నాడు. "ఇవాళ కాదు" అంది. అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

డిసెంబరు 21, శనివారం

అమ్మాయి బుడ్డదాన్ని తీసుకుని పట్నం పెద్దాసుపత్రికి వెళ్ళింది. రక్తం ఇచ్చి వచ్చింది. తోడు వస్తానన్నాను. వద్దంది.

డిసెంబరు 23, సోమవారం

మేడం సామాను తీసుకోవడానికి వచ్చారు. నంబరు డబ్బాలు విప్పాలా అని అడిగాను. ఉండనివ్వండి, కొత్తవాళ్ళకి పనికొస్తాయి అన్నారు. వేరే జిల్లాకి వేశారట. క్షమించమని అడగాలనుకున్నాను. ఆమె ముందే, "చేతులకి మందు రాసుకోండి" అని జీపెక్కారు.

డిసెంబరు 24, మంగళవారం

వల వెయ్యలేదు. కొనేవాళ్ళు వచ్చి అడిగారు. లేవన్నాను. తూర్పు వైపువి కూడా లేవా అన్నారు. లేవన్నాను.

డిసెంబరు 26, గురువారం

చినుకులు. అమ్మాయి ఆసుపత్రి నుంచి మధ్యాహ్నం వచ్చింది. కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, బుడ్డదాన్ని పడుకోబెట్టాక మా ఇద్దరి ముందూ కాగితం పెట్టింది. నాకు ఆ అంకెలు తెలియవు.

"రక్తంలో సీసం ఎక్కువే ఉంది. మందు వాడాలి. వారం వారం చూపించాలి. బురదకి, ఫ్యాక్టరీ బట్టలకి దూరంగా ఉంచాలన్నారు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూశావా, నేను చెప్పింది..." అన్నాను. సగంలో ఆపేశాను.

"నువ్వు చెప్పినందుకు కాదు నాన్నా. ఈ రక్తం దాని ఒంట్లోంచి నా కళ్ళ ముందు తీశారు."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆసుపత్రి దగ్గర తనతో చదువుకున్న అమ్మాయి బట్టలు కుడుతుందట. పని ఉందట, వెనక గది ఉందట. అల్లుడికి ఫోను చేసి చెప్పింది. రమ్మంది, పని మానుకుని రాగలిగితే రమ్మంది. అవతల ఏమన్నాడో వినపడలేదు.

ఇక్కడే ఉండొచ్చు కదా అన్నాను. ఇక్కడా చెరువే కదా అంది.

డిసెంబరు 27, శుక్రవారం

మా ఆవిడ బొంత ఉతికింది. వానకి ఆరలేదు.

డిసెంబరు 28, శనివారం

వాన వెలిసింది. ఏడుంబావుకి పట్నం బస్సుకి అమ్మాయి, బుడ్డది వెళ్ళారు. తొమ్మిదింటికి అల్లుడు వచ్చాడు. పట్నానికి ఇంకో బస్సుందని చెప్పాను. పావుగంట కూర్చుని, ఫ్యాక్టరీ బస్సుకి వెళ్ళాడు.